ఒకటి బై డెబ్భై: ఒక్క మాట వెనుక ఎనభై ఏళ్ళు

మన్యంలో ఒక చట్టానికి లెక్కల పుస్తకంలోని భిన్నం లాంటి పేరుంది. ఒకటి బై డెబ్భై. ఇంకొందరు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. చదువు రాని కొండరెడ్డికీ, కోయకూ, గోండుకూ కూడా ఈ పేరు తెలుసు. మైదానంలో పుట్టి పెరిగి, పొలం పుట్రా అమ్ముతూ కొంటూ ఉండే మనలో చాలామందికి మాత్రం ఇది అరకు వైపు స్థలం కొందామనుకున్నప్పుడో, భద్రాచలంలో ఇల్లు కట్టుకోవాలనుకున్నప్పుడో మొదటిసారి ఎదురవుతుంది. ఎదురైన వెంటనే అడ్డంకిగా కనిపిస్తుంది. నేనూ మైదానం వాడినే. ఈ చట్టం ప్రకారం మన్యంలో ఒక్క సెంటు భూమి కొనే హక్కు నాకు లేదు. ఆ హక్కు నాకెందుకు లేకుండా పోయిందో, అలా పోవడం న్యాయమో కాదో తేల్చుకుందామని ఈ చట్టం చరిత్రను వెనక్కి చదువుకుంటూ వెళ్ళాను. ఆ చదువులో నాకు తోచిన సంగతులను మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. దీన్ని చట్టం అంటున్నామే గానీ, సాంకేతికంగా ఇది శాసనసభ చేసిన చట్టం కాదు. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు ఇచ్చిన అధికారంతో గవర్నరు జారీ చేసిన నిబంధన. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదం పొందిన తరువాతనే ఇటువంటివి అమలులోకి వస్తాయి. అసలు పేరు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన, 1959. దాన్ని సమూలంగా మార్చిన సవరణ 1970వ సంవత్సరపు ఒకటవ నిబంధన కనుక జనం నోట అది ఒకటి బై డెబ్భై అయింది. ఉమ్మడి రాష్ట్రంలో శ్రీకాకుళం మొదలుకొని ఆదిలాబాదు దాకా, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలోని నల్లమల భాగం దాకా, పాత లెక్కన తొమ్మిది జిల్లాల్లోని షెడ్యూల్డు ప్రాంతాలకు ఇది వర్తించింది. 2014లో రాష్ట్రం రెండైన తరువాత రెండు వైపులా కొనసాగుతూనే ఉంది.

ఈ చరిత్రను చాలామంది ఉద్యమాల వరుసలో చెబుతారు. నేను ఇంకో దారి పట్టాను. చట్టం పాఠంలో రెండు చిన్న విషయాలను వెంబడించాను. ఒకటి, ఎవరు అమ్మితే చెల్లదు అన్నది. రెండు, చెల్లదని ఎవరు రుజువు చెయ్యాలి అన్నది. 1917 నుంచి 1997 దాకా, ఎనభై ఏళ్ళపాటు, మన్యం భూమి మీది తగాదా అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగిందని నాకు అనిపిస్తుంది.

కథ కుంఫిణీ కాలంలో మొదలవుతుంది. 1830లలో పర్లాకిమిడి, పాలకొండ, గుమ్సూరు ప్రాంతాలలో వరుసగా తిరుగుబాట్లు చెలరేగాయి. మైదానపు కోర్టులు, మైదానపు రివెన్యూ పద్ధతులు కొండల్లో పనికిరావని గ్రహించిన ప్రభుత్వం 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ చట్టాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి అప్పగించింది. ఏజెన్సీ అన్న పేరు మనకు అలా వచ్చిందే. ఇది గిరిజనుల మీద ప్రేమతో చేసిన పని అనుకోనక్కరలేదు. మాటిమాటికీ దండును పంపవలసి రావడం ఖర్చుతో కూడిన వ్యవహారం.

అయితే ఏజెంటు వచ్చినంత మాత్రాన సావుకారు ఆగలేదు. కొండ మీద పంట పోడు. ఈ ఏడు ఇక్కడ నరికి, కాల్చి, చల్లుతారు. కొన్నేళ్ళకు ఇంకో చోటికి వెళతారు. దానికి పట్టా ఉండదు, సరిహద్దు రాయి ఉండదు. కింది నుంచి ఉప్పు, బట్ట, సారా తీసుకుని పైకి వెళ్ళిన వర్తకుడు అప్పు పెట్టేవాడు. పంట మీద అప్పు, పంట పోతే భూమి మీద అప్పు, భూమీ చాలకపోతే మనిషి మీద అప్పు. విశాఖ మన్యంలో ఈ చివరిదానికి గొత్తి అని పేరు. అప్పు తీరేదాకా సావుకారు ఇంట వెట్టి చెయ్యడం. 1879లో రంప తిరుగుబాటు రేగినప్పుడు కల్లు మీది కొత్త పన్నుతో పాటు మరో కారణం కూడా బయటపడింది. వర్తకులు మైదానపు కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది హాజరు కాలేదని డిక్రీలు పొంది, కొండవాళ్ళ ఆస్తులు జప్తు చేయించారు. కోర్టు ఎక్కడుందో కూడా తెలియని మనిషికి కోర్టు నోటీసు ఏమి అర్థమవుతుంది?

ఆ అనుభవం చట్టంగా మారడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం తెచ్చింది. పేరులోనే రోగ నిర్ణయం ఉంది: వడ్డీ, భూమి రెండూ ఒకే తాటికి కట్టినవి. కొండజాతి మనిషి తన భూమిని కొండజాతి వారికి తప్ప మరొకరికి బదలాయిస్తే, ఏజెంటు ముందస్తు లిఖిత అనుమతి లేకపోతే, అది పూర్తిగా చెల్లనిదని ఈ చట్టం ప్రకటించింది. వడ్డీకీ హద్దు పెట్టింది.

కాగితం మీద గట్టి చట్టమే. కానీ నేను పైన చెప్పిన రెండు ప్రశ్నలు వేసి చూడండి. ఎవరు అమ్మితే చెల్లదు? కొండజాతి మనిషి అమ్మితే. అంటే ఒకసారి భూమి ఎలాగో ఒకలాగ సావుకారు చేతికి వెళ్ళిపోతే, ఆ సావుకారు దాన్ని ఇంకో సావుకారుకు నిక్షేపంగా అమ్ముకోవచ్చు. అది ఈ చట్టానికి పట్టదు. ఇక రుజువు ఎవరిది? భూమి పోగొట్టుకున్నవాడిది. సర్వే కాని కొండలో, పట్టా లేని పోడులో, నోటి మాటగా జరిగిన వ్యవహారంలో, ఆ భూమి తనదని అతను ఏ కాగితం చూపించి నిరూపించగలడు? పైగా అనుమతి అనే తలుపు ఒకటి తెరిచే ఉంది. చట్టం అమలులోకి వచ్చిన ఐదేళ్ళకే గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు పితూరీ మొదలైంది. దానికి అడవి ఆంక్షలు, రోడ్డు పనుల వెట్టి ముఖ్య కారణాలైనా, మన్యం శాంతించలేదన్న సంగతిని మాత్రం అది చాటింది.

గోదావరికి అవతల, నిజాం రాజ్యంలో, ఇదే కథ మరో భాషలో నడిచింది. ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు సాగు చేసిన భూములను రిజర్వు అడవిలో కలిపివేశారు. మిగిలిన నల్లరేగడి మీదకు బయటి రైతులు పట్టాలతో వచ్చారు. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం పోలీసుల తుపాకులకు బలి అయిన తరువాత నిజాం ప్రభుత్వం మేల్కొని, హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను ఆ జనం స్థితిగతులు చూడమని పంపింది. ఆయన సూచనల ఫలితంగా వేలమంది గిరిజనులకు పట్టాలు దక్కాయి. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు 1946లో ఒకసారి, 1949లో ఒకసారి వచ్చాయి. అదే హైమెండార్ఫ్ దశాబ్దాల తరువాత తిరిగి వచ్చి చూసి, తాను ఇప్పించిన పట్టాలలో ఎన్నో చేతులు మారిపోయిన సంగతిని 1982లో వెలువడిన తన పుస్తకంలో బాధతో రాశాడు.

స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం ఐదవ షెడ్యూలులో గిరిజనుల భూ బదలాయింపులను నిషేధించే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది. 1959 మార్చి 4 నుంచి ఆంధ్ర ప్రాంతంలో కొత్త నిబంధన అమలులోకి వచ్చింది. 1963 డిసెంబరు 1 నుంచి దాన్ని తెలంగాణకు విస్తరించారు. ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. పేరు కొత్తదైనా ఊపిరి 1917దే. గిరిజనుడు గిరిజనేతరునికి అమ్మరాదు, అనుమతి ఉంటే తప్ప. ఎవరు అన్న ప్రశ్నకూ, రుజువు ఎవరిది అన్న ప్రశ్నకూ జవాబులు మారలేదు. దాన్ని అమలు చేసే నియమాలు సైతం 1969 దాకా రాలేదు. చట్టానికీ నియమాలకూ మధ్య గడిచిన పదేళ్ళలో మన్యానికి రోడ్లు వచ్చాయి. రోడ్ల వెంట కోస్తా నుంచి రైతులు వచ్చారు.

వచ్చినవారంతా దుర్మార్గులని నేను అనను. డెల్టాలో ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు వచ్చే రోజులవి. కౌలు చేసి విసిగిన చిన్న రైతు, అప్పులపాలైన కుటుంబం, కూలి వెతుక్కుంటూ వచ్చిన దళితుడు, వారితో పాటు పెద్ద పెట్టుబడిదారు, పొగాకు రైతు, కల్లు సారా కాంట్రాక్టరు, వడ్డీ వ్యాపారి అందరూ ఒకే రోడ్డు మీద వచ్చారు. చట్టం వారందరినీ గిరిజనేతరులు అనే ఒకే మాటతో పిలుస్తుంది. ఆ మాటలోని ఇబ్బంది సంగతికి తరువాత వస్తాను.

శ్రీకాకుళం కొండల్లో సవరలు, జాతాపులు సంఘం పెట్టుకుని కూలి రేట్ల కోసం, తాకట్టు భూముల కోసం నిలబడ్డారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి వద్ద భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ తరువాతి మూడేళ్ళ సాయుధ పోరాటం, అణచివేత మనకు తెలిసినవే. ఉద్యమాన్ని పోలీసులతో అణుస్తూనే, అది లేవడానికి గల కారణాన్ని ప్రభుత్వం చట్టంలో ఒప్పుకోవలసి వచ్చింది. 1970 ఫిబ్రవరి 3న ఒకటి బై డెబ్భై అమలులోకి వచ్చింది.

ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలకు జవాబులు చూడండి. ఎవరు అమ్మితే చెల్లదు? గిరిజనుడు కానివ్వండి, కాకపోనివ్వండి, షెడ్యూల్డు ప్రాంతంలో ఏ వ్యక్తి చేసిన స్థిరాస్తి బదలాయింపు అయినా, గిరిజనునికో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో చేస్తే తప్ప, చెల్లదు. కొండజాతి మనిషి అన్న పాత మాట పోయి, వ్యక్తి అన్న మాట వచ్చింది. సావుకారు సావుకారుకు అమ్ముకునే దారి దానితో మూసుకుపోయింది. ఏజెంటు అనుమతి అనే తలుపూ మూసుకుపోయింది. రుజువు ఎవరిది? గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి, విరుద్ధంగా రుజువయ్యేదాకా, గిరిజనుని నుంచి వచ్చినదిగానే భావించాలన్నది కొత్త సూత్రం. అంటే కాగితం చూపించే భారం కాగితాలు ఉన్నవాడి మీద పడింది. నా దృష్టిలో ఈ చట్టానికి గుండె ఇదే. నిషేధం 1917లోనే ఉంది. అది పని చెయ్యడం మొదలుపెట్టింది రుజువు భారం ఈ భుజం నుంచి ఆ భుజానికి మారినప్పుడే.

గగ్గోలు పుట్టడం సహజం. బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనుకాడాయి. అందుకోసం 1971లో మరో సవరణ తెచ్చి, స్వాధీనం ఇవ్వకుండా బ్యాంకులకు, సహకార సంఘాలకు తాకట్టు పెట్టుకునే వీలు కల్పించారు. వేలం వేయవలసి వస్తే మాత్రం గిరిజనునికే అమ్మాలి. 1978 సవరణ ఇటువంటి బదలాయింపుల రిజిస్ట్రేషన్‌ను నిషేధించి, ఉల్లంఘనకు ఏడాది దాకా జైలు శిక్షను చేర్చింది. ఆ మరుసటి ఏడే ప్రభుత్వం వెనక్కి ఒక అడుగు వేసింది. ఐదెకరాల మాగాణి లేక పదెకరాల మెట్ట లోపు ఉన్న గిరిజనేతరులను తొలగించవద్దంటూ 1979లో 129వ నంబరు జీవో ఇచ్చింది. ఒక చేత్తో శిక్ష, మరో చేత్తో మినహాయింపు. తరువాత హైకోర్టు దాని అమలును నిలిపివేసింది.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. గిరిజనేతరుడు గిరిజనేతరునికి అమ్ముకుంటే గిరిజనునికి వచ్చే నష్టమేమిటన్నది సవాలు చేసిన వారి ప్రధాన వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. 1988 జూలైలో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీనిని తోసిపుచ్చి నిబంధనను నిలబెట్టింది. గిరిజనేతరుల మధ్య అమ్మకాలు సాగనిస్తే ఆ భూమి వారి చేతుల్లోనే చుట్టు తిరుగుతూ, ఎన్నటికీ గిరిజనుల వైపు తిరిగి రాదన్నది తీర్పు సారాంశం. పోయిన భూమి తిరిగి రావడానికి ఒక దారి తెరిచి ఉంచాలంటే, బయటి దారులు మూయక తప్పదు. 1995లో అదే న్యాయస్థానం మరో కేసులో, 1970 సవరణ వెనక్కి వర్తించదని, ఆ తేదీకి ముందు గిరిజనేతరుల మధ్య జరిగిన అమ్మకాలను అది తాకదని చెప్పింది.

ఇక్కడి నుంచి తేదీకి ధర వచ్చింది. 1970 ఫిబ్రవరి 3కు ముందటి కాగితం, తెలంగాణలో అయితే 1963 డిసెంబరు 1కి ముందటి కాగితం, బంగారమైంది. పాత తేదీ వేసిన సాదా బైనామాలు పుట్టుకొచ్చాయి. గిరిజన స్త్రీని పెళ్ళాడి ఆమె పేర కొన్నవారు, పాలేరు పేర కొన్నవారు, పేరుకు కౌలు అని రాసుకుని శాశ్వతంగా ఉండిపోయినవారు ఉన్నారు. 2007 ఆరంభం నాటికి ఈ నిబంధన కింద నమోదైన కేసులు సుమారు 72 వేలు; వాటిలో ఉన్న భూమి 3 లక్షల 20 వేల ఎకరాలకు పైమాటే. పరిష్కారమైన వాటిలో దాదాపు సగం గిరిజనులకు వ్యతిరేకంగానే తేలాయి. రుజువు భారం గిరిజనేతరుని మీద ఉన్న చట్టం కింద ఇది జరిగింది! భారం పాత పద్ధతిలో గిరిజనుని మీదే ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. షెడ్యూల్డు ప్రాంతాల భూమిలో సగానికి దగ్గరగా గిరిజనేతరుల చేతిలో ఉందని కోనేరు రంగారావు భూ కమిటీ గుర్తించింది కూడా ఆ రోజుల్లోనే.

ఇక చట్టంలోని మాటల ఇబ్బంది. గిరిజనుడు అన్న మాట కూడా ఒకే ముద్ద కాదు. లంబాడాలు ఆంధ్ర ప్రాంతంలో షెడ్యూల్డు తెగగా ఉన్నా, తెలంగాణలో వారికి ఆ గుర్తింపు 1976 నాటి పార్లమెంటు చట్టంతోనే వచ్చింది. వారి పేదరికాన్ని చూస్తే ఆ గుర్తింపును తప్పు పట్టలేము. కానీ దాని ప్రభావం ఒకటి ఆదిలాబాదులో పడింది. నిన్నటిదాకా గోండు భూమిని కొనరాని వారు మరునాటి నుంచి కొనవచ్చు. పొరుగున మహారాష్ట్రలో అదే కులానికి ఆ హోదా లేదు కనుక అటు నుంచి వలసలు సాగాయి. 2017లో గోండులకూ లంబాడాలకూ మధ్య ఘర్షణలు చెలరేగినప్పుడు పత్రికలు దానిని రిజర్వేషన్ల తగాదాగా రాశాయి. దాని అడుగున భూమి కూడా ఉందన్న సంగతిని ఈ చట్టం చరిత్ర చదివినవారు తేలికగానే పోల్చుకుంటారు.

మరో వైపు, గిరిజనేతరుడు అన్న మాట కింద నలిగిపోయే పేదవాడి సంగతి. రెండు తరాలుగా ఏజెన్సీ పల్లెలో ఉంటున్న చాకలి, మంగలి, దళిత కుటుంబం కూతురి పెళ్ళికో ఆసుపత్రి ఖర్చుకో ఇల్లు అమ్ముకోవాలంటే కొనేవాడు దొరకడు. ఇది నిజమైన కష్టం. చట్టాన్ని ఎత్తివేయమని అడిగే పెద్దలు ఎప్పుడూ ఈ పేదవాడినే ముందు నిలబెడతారు. అయితే చట్టంలోనే అతనికో దారి ఉంది. గిరిజనులెవరూ కొనడానికి ముందుకు రాకపోతే, ఆ భూమిని ప్రభుత్వమే తీసుకుని పరిహారం ఇవ్వమని ఏజెంటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలా తీసుకున్న భూమిని గిరిజనులకు పంచవచ్చు. పరిహారం లెక్క మాత్రం 1961 నాటి భూపరిమితి చట్టం ప్రకారం, అది కంటితుడుపు. ఆ లెక్కను సవరించి, తగిన నిధి కేటాయించి ఉంటే, పేద గిరిజనేతరుడు మర్యాదగా బయటపడే వీలుండేది, భూమి తిరిగి వచ్చేది, చట్టమూ చెక్కుచెదరకుండా ఉండేది. ఈ క్లాజును గురించి వాదోపవాదాలలో నేను విన్నది చాలా తక్కువ. పేదవాడి పేరు చెప్పేవారికి కావలసింది ఆ పేదవాడి విముక్తి అయితే ఇంత నిశ్శబ్దం ఎందుకు?

ఇక చివరి మలుపు. ఇంతకాలం సావుకారునూ, వలస రైతునూ చూశాం. మన్యంలో అందరికంటె పెద్ద భూస్వామి ప్రభుత్వమే అన్న సంగతి మరిచాం. అడవి ప్రభుత్వానిది, బంజరు ప్రభుత్వానిది, అడుగున ఉన్న ఖనిజమూ ప్రభుత్వానిదే. అనంతగిరి మండలంలో బొర్రా పరిసర గ్రామాలలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ 1993లో హైకోర్టుకు వెళ్ళింది. లీజు కూడా బదలాయింపే కదా, కంపెనీ గిరిజనుడు కాదు కదా అన్నది వారి ప్రశ్న. ఈ నిషేధం ప్రభుత్వ భూమికి వర్తించదంటూ హైకోర్టు 1995లో వ్యాజ్యాన్ని కొట్టివేసింది.

సుప్రీంకోర్టులో ఆ వివాదమంతా వచ్చి 1970లో చేర్చిన ఆ ఒక్క మాట మీద నిలిచింది. వ్యక్తి అంటే ఎవరు? రక్తమాంసాలున్న మనిషేనా, ప్రభుత్వం కూడానా? 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు, కె. రామస్వామి, సగీర్ అహ్మద్, ప్రభుత్వమూ వ్యక్తే అన్నారు. మూడవవారు జి.బి. పట్నాయక్ విభేదించారు. మెజారిటీ తీర్పుతో షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లకుండా పోయింది. ప్రభుత్వ రంగ ఖనిజ సంస్థ గానీ, గిరిజనుల సహకార సంఘాలు గానీ తవ్వుకోవచ్చు. తవ్వితే నికర లాభంలో 20 శాతం ఆ ప్రాంత ప్రజల అభివృద్ధికి శాశ్వత నిధిగా కేటాయించాలి.

విభేదించిన అభిప్రాయాన్ని తేలికగా తీసిపారెయ్యలేము. ప్రభుత్వం తనను తాను కట్టివేసుకోవాలనుకుంటే ఆ మాట స్పష్టంగా రాసేది కదా అని ఎవరైనా అడగవచ్చు. 2001లో బాల్కో కేసు తీర్పులో సుప్రీంకోర్టు మరో బెంచి కూడా సమత మెజారిటీ తీర్పు పట్ల తన సందేహాలను వ్యక్తం చేసింది. కానీ నాకు తోచే జవాబు ఇది. సావుకారు చేతికి భూమి పోకుండా కాపలా పెట్టి, ఆ కాపలావాడే కంపెనీకి కొండ మొత్తం రాసిస్తే, ఆ కాపలాకు అర్థమేముంటుంది? చట్టం ఉద్దేశాన్ని చదివితే మెజారిటీ తీర్పే సరైనదని నా అభిప్రాయం.

దారి మూసుకున్న ప్రతిసారీ ప్రయోజనాలు మరో దారి వెతుక్కోవడం ఈ చరిత్ర పొడుగునా చూశాం. ఈసారీ అంతే. 2000లో కేంద్ర గనుల శాఖ ఏకంగా ఐదవ షెడ్యూలునే సవరించాలన్న ప్రతిపాదన చేసింది. అది ముందుకు సాగలేదు. 2005 నుంచి విశాఖ మన్యంలోని బాక్సైటు కోసం కొత్త ఏర్పాటు వచ్చింది. తవ్వేది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ, ఖనిజం అందుకునేది ప్రైవేటు కర్మాగారం. తీర్పులోని అక్షరానికి భంగం లేదు. 2015లో 97వ నంబరు జీవోతో అటవీ భూమిలో తవ్వకాలకు అనుమతి ఇచ్చినప్పుడు మన్యం మొత్తం కదిలింది, ప్రభుత్వం ఆగింది, 2019లో ఆ జీవో రద్దయింది. 2025 ఆరంభంలో పర్యాటకం పేరిట ఒకటి బై డెబ్భైని సడలించాలన్న మాట వినిపించగానే మన్యంలో బంద్ జరిగింది. చట్టాన్ని మార్చబోమని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. సావుకారు, పొగాకు, బాక్సైటు, ఇప్పుడు రిసార్టు. అడిగేవారి వేషం మారింది, అడిగే వస్తువు మారలేదు.

ఈ చట్టం గిరిజనునికి భూమిని తిరిగి పూర్తిగా ఇప్పించలేదు. ఆ సగం కేసుల లెక్కే అందుకు సాక్ష్యం. అయినా దాన్ని విఫలమైన చట్టం అనడానికి నాకు మనసొప్పదు. మైదానంలో భూపరిమితి చట్టం కాగితాలలోనే కరిగిపోయిన రాష్ట్రంలో, కొండ మీద ఒక చట్టం యాభై ఏళ్ళకు పైగా అమ్మకందారునూ, కొనుగోలుదారునూ, చివరికి సర్కారునూ నిలబెట్టి ప్రశ్న అడుగుతూ ఉండడం చిన్న సంగతి కాదు. ఏ భూమి చట్టమైనా ఎవరి పక్షాన ఉందో తెలుసుకోవాలంటే, దాని పీఠికలోని పెద్ద మాటలు చదవనక్కరలేదు. తగాదా వచ్చినప్పుడు అది ఎవరిని రుజువు తెమ్మంటుందో చూస్తే చాలు. కాగితం లేనివాడిని కాగితం తెమ్మనే చట్టం ఎంత దయగా మాట్లాడినా కాగితాలున్నవాడి చట్టమే. అరకులో స్థలం కొనలేకపోవడం నావంటి మైదానపు మనిషికి ఒక చిన్న లోటు. ఆ లోటుకు బదులుగా కొండ మీద ఒకడి పోడు అతనికి మిగులుతుందంటే, ఆ బేరం న్యాయమైనదే అని నేను ఒప్పుకుంటున్నాను.

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, ఏటూరునాగారం వైపు మిత్రులు ఎవరైనా ఇది చదివితే, తమ ఊళ్ళలో ఈ చట్టం ఎలా నడుస్తున్నదో నాలుగు మాటలు రాయమని మనవి. చట్టం పాఠం నాబోటి వాడికి గ్రంథాలయంలో దొరుకుతుంది. అది నేల మీద నడిచిన తీరు మాత్రం మీకే తెలుసు.